పాట వెనక నిలబడిన గొర్రెలు

మా మేనల్లుడిని చంపేశారు. "కన్నుమూశాడు అని రాస్తే మర్యాదగా ఉంటుంది పెద్దమ్మా" అని ఈ కాగితాలు టైపు చేసే అమ్మాయి చెప్పింది. వాడు కన్ను మూయలేదు. ఒంగోలు ఆసుపత్రిలో చూసినప్పుడు ఒక కన్ను వాచి పూడుకుపోయింది, రెండోది తెరిచే ఉంది. తెరిచిన కన్నుతోనే పోయాడు. కొనకనమిట్ల పోయే దారిలో, పట్టపగలు, బండి ఆపి ఇనప రాడ్లతో కొట్టారు. అందుకని చంపేశారు అనే రాస్తున్నాను.

నేను ఐదో తరగతితో ఆగినదాన్ని. రాయడం అలవాటు లేదు, భయపడటం అలవాటు. గ్యాసు కట్టేశానో లేదో అని బజారు దాకా పోయి వెనక్కి వచ్చే మనిషిని. ఇది చదివి ఎవరికి కోపం వస్తుందో అని ఇప్పుడూ భయమే. అయినా, వాడి పాట మీలో చాలామంది చూసే ఉంటారు. వినడానికి కాదు, గొర్రెల కోసం చూసి ఉంటారు. ఆ గొర్రెల ముందు నిలబడి పాడినవాడు ఎవరో కూడా కొంచెం తెలియాలి కదా.

వాడు మా తమ్ముడి కొడుకు. గిద్దలూరు దగ్గర పల్లె. గొర్రెలు కాసుకుని బతికే ఇల్లు మాది. మా తమ్ముడికి కోపం ఎక్కువ, చెయ్యి ఇంకా ఎక్కువ. కొడుకు మందను వదిలేసి ఎక్కడో పెళ్ళిలో డోలు వాయిస్తున్నాడని తెలిసి, గొర్రెల్ని అదిలించే కర్రతో వీపు చీరేశాడు. ఆ వీపుతోనే బస్సెక్కి మార్కాపురంలో మా ఇంటికి వచ్చాడు. చొక్కా నెత్తురుకు అతుక్కుపోతే నీళ్ళతో తడిపి మెల్లగా ఊడదీశాను. నేను ఏడుస్తున్నాను, వాడు పళ్ళు బిగబట్టి నవ్వుతున్నాడు.

"నాయన చెయ్యి తాళం తప్పలేదత్తా. ఒక్క దెబ్బ గూడా అటూ ఇటూ పడలే."

అప్పటినుంచి మా ఇంటి ముందు గది వాడిదే. తర్వాత ఇంకో ముగ్గురు కలిశారు, బ్యాండు పెట్టారు. మా పక్కింటామె, "పెండ్లికి వస్తారా, ఊరేగింపుకు వస్తారా?" అని అడిగింది. "పెండ్లికి గాదు పిన్నీ, మా పాటలు మేమే కట్టి, మేమే పాడి, ఫోన్లో పెడతాం" అన్నాడు. "అయితే భోజనం ఎవురు పెడతారు?" అని ఆమె. దానికి వాడు పగలబడి నవ్వాడు. ఊరి బయట పలక రాళ్ళు కోసే షెడ్డు మూతపడింది ఒకటుంటే అందులో వాయించుకునేవాళ్ళు.

వాయించడం అయ్యాక మిగతావాళ్ళు ఇళ్ళకు పోయేవాళ్ళు. వీడి పని అప్పుడు మొదలు. "పాట చేసేది సగం పనే అత్తా. వినేటోళ్ళ కాడికి మోసకపోయేది ఇంకో సగం" అనేవాడు. ఆ రెండో సగం వాడొక్కడే మోశాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ఫోను అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి, పాటలోంచి చిన్న ముక్క కత్తిరించి, దాని మీద అక్షరాలు వేసి పెట్టేవాడు. టీ కొట్టు దగ్గరా బస్టాండులోనూ, ఎవరి ఫోను చేతికి దొరికితే వాళ్ళ ఫోనులో తన చానెల్ తెరిపించేవాడు. నాకూ పెట్టాడు. "గంట బొమ్మ నొక్కు అత్తా" అంటే, నొక్కితే ఏమవుతుందో అని వేలు ఆనించి తీసేసేదాన్ని. అందరూ చూడాలని వాడు, అందరూ చూస్తే దిష్టి తగులుతుందని నేను.

పాటల కింద జనం బూతులు రాసేవాళ్ళు. గొర్రెలోడివి గొర్రెలు కాసుకోరా అని ఒకడు. గొంతు కోస్తానని ఇంకొకడు. ప్రతివాడికీ వీడు "ధన్యవాదాలు అన్నా" అని రాసేవాడు.

"గొంతు కోస్తానన్నోనికి ధన్యవాదాలు ఏందిరా?"

"తిట్టినోడు గూడా చూసినట్టే లెక్క అత్తా."

"చూసినోడు కత్తి తీసుకొని వస్తే?"

"వస్తే ఇంకో పాట వినిపిస్తా."

నాకు ఆ మాట నచ్చలేదు. అలాంటివి నోటితో అనకూడదని ఉప్పు తెచ్చి వాడికి దిష్టి తీశాను.

ఇక ఆ పాట సంగతి. పలకల గని గుంతల దగ్గర వీడియో తీద్దామని నలుగురూ పోయారు. అక్కడ ఒక లారీ ఆగి ఉంది, దాని పక్కన పెద్ద మంద. సంతకు తోలుకుపోతూ మేపుకు దించామని కాపలా ఉన్న మనిషి చెప్పాడట. మందలో పుట్టినవాడు మా మేనల్లుడు, గొర్రెల్ని చూస్తే ఆగలేడు. వాటి ముందు నిలబడి పాడతానని అడిగాడు. కాపలా మనిషి, "నేను గూడా పడతానా?" అన్నాడు. "పడతావన్నా, నవ్వు" అన్నాడు వీడు. వాడు నిజంగానే నవ్వాడు. దొంగసొమ్ముకు కాపలా ఉంటూ, లారీకి ఆనుకుని, పళ్ళన్నీ కనబడేలా. ఆ నవ్వూ, ఆ లారీ నంబరూ, ఆ మందా అన్నీ పాటలో పడ్డాయి.

పెట్టిన మర్నాడు కింద ఎవరో రాశారు: "పాట సంగతి తర్వాత అన్నా, ఎడమ పక్క కొమ్ము కోసిన పొట్టేలు మాది." ఇంకొకరు: "మీ వెనక నల్లమొఖం గొర్రె మాది, గొంతు బాగుంది." కీబోర్డు వాయించే పిల్లవాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఇన్నాళ్ళు చచ్చీ చెడీ పాటలు చేస్తే పొట్టేలుకు పేరొచ్చిందిరా!" మా మేనల్లుడు నవ్వడం మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. వీడియోను ముందుకూ వెనక్కూ జరుపుతూ చూశాడు. గొర్రెల చెవుల కొనలు కోసి ఉన్నాయి. మా వాళ్ళు ఎవరి గొర్రె ఎవరిదో తెలియడానికి చెవికి గాటు పెడతారు. ఆ గాట్లు పోవాలని ఎవరో చెవి కొనలే కోసేశారు. పచ్చి పుండ్లు, ఈగలు.

పొట్టేలు మాది అన్న ఆడమనిషి ఆ వారంలోనే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొనకనమిట్ల వైపు పల్లె. మెట్ల మీదే కూర్చుంది, లోపలికి రాలేదు.

"కొమ్ము వంకర తిరిగి కంట్లోకి పోతాంటే మా ఇంటాయన రంపంతో కోసినాడు నాయనా. ఆ కోత నాకు తెల్వదా? చేన్లో మంద వేసి పడుకున్నాడు. కుక్కను ముందే నరికినారు. ఆయన్ను తల మింద కొట్టి, చేతులు కట్టి, నోట్లో తలగుడ్డ కుక్కినారు. బతికినాడు గానీ మాట పడిపోయింది. ఎవురు కొట్టినారో చెప్పేదానికి నోరు లేదు ఆయనకి."

"స్టేషన్లో చెప్పినావా అక్కా?"

"కాగితం ఇచ్చినాం. సాక్ష్యం ఏముందన్నారు. నీ పాట తప్పితే ఏముంది నా దగ్గిర?"

మా మేనల్లుడు ఆమెను బండి మీద ఎక్కించుకుని స్టేషనుకు పోయి వీడియో ఇచ్చాడు. ఇంటికి వచ్చి పాట పేరు తీసేశాడు. వాడు వారాల తరబడి ఆలోచించి పెట్టుకున్న పేరు. దాని చోట, "గొర్రెలు పోయినవాళ్ళు ఈ వీడియో చూడండి, మీవి ఉన్నాయేమో" అని రాశాడు. పాటల కోసం నేర్చిన విద్య అంతా దానికి పెట్టాడు. ఏ పూట పెడితే కాపరులు చూస్తారో, ఏ ముక్క ముందు పెడితే వేలు ఆగుతుందో అన్నీ లెక్క చూసుకుని ఊరూరికీ పంపాడు. పామూరు నుంచి, చంద్రశేఖరపురం నుంచి మనుషులు ఫోన్లు చేశారు. వాడి పాట అంత దూరం పోయింది మొదటిసారి అప్పుడే.

ఆ గొర్రెల్ని ఎత్తుకుపోయినవాళ్ళు ఒకరోజు మిట్టమధ్యాహ్నం షెడ్డుకు వచ్చారు. కీబోర్డు పిల్లవాడు అక్కడే ఉన్నాడు, వాడు చెబితే రాస్తున్నాను. డోలు తోలు కత్తితో చీల్చారు. కీబోర్డును గోడకేసి కొట్టారు. మా మేనల్లుడి కుడిచేతిని పలకలు కోసే రాతి బల్ల మీద అదిమిపెట్టి, "ఏ వేలితో పెట్టినావురా వీడియో?" అని అడిగారు.

"బొటనేలితో అన్నా" అన్నాడట.

పలక రాయి ఎత్తి బొటనవేలి మీద వేశారు. తర్వాత మిగతా వేళ్ళ మీద. "రేపటికి తీసేయకపోతే ఎడమది" అని చెప్పి పోయారు.

కట్టు కట్టించుకుని వచ్చిన మనిషికి నేను అన్నం కలిపి నోట్లో పెడుతుంటే, ఎడమచేత్తో ఫోను పట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబులు రాస్తున్నాడు.

"తీసేయ్ నాయనా, నీ కాళ్ళు మొక్కుతా. స్టేషన్లో ఇచ్చినాం గదా, చాల్లే."

"తీస్తే అంతా అబద్ధం కాబట్టే తీసేసినాడంటారత్తా. ఆమెను గూడా అబద్ధాలకోరును చేస్తారు. ఇంకా చూసుకోవాల్సినోళ్ళు ఎంతమందో చూడలే."

"చంపుతారురా."

"ముద్ద పెట్టు అత్తా, చల్లారిపోతాది."

కొనకనమిట్ల అవతల ఒక పాకలో గొర్రెలు దొరికాయని, వచ్చి చూడమని స్టేషను నుంచి పిలుపు వచ్చింది. కీబోర్డు పిల్లవాడు బండి నడిపాడు, వీడు వెనక కూర్చున్నాడు. మళ్ళీ ఆ పిల్లవాడు చెప్పిన మాటే రాస్తున్నాను. "దారిలో వాళ్ళే బండి ఆపినారు. నన్ను కాలు విరగ్గొట్టి కాలవలోకి తోసినారత్తా. వాణ్ణి నేల మింద పడేసి, గొర్రెను కోసేటప్పుడు కాళ్ళు తొక్కిపట్టుకుంటారు చూడు, అట్ల పట్టుకున్నారు. అరవలే. నా పక్క చూసి, పో పో అన్నట్టు కట్టు కట్టిన చెయ్యి ఊపినాడు."

ఆసుపత్రిలో శవాన్ని తిప్పినప్పుడు మా తమ్ముడు వీపు చూశాడు.  "నా దెబ్బలు గూడా ఉండాయి అక్కా, వాళ్ళ దెబ్బల కింద" అన్నాడు. 

గొర్రెల్లో కొన్నే దొరికాయి. మిగతావి అప్పటికే కోతకు పోయాయట. కొమ్ము కోసిన పొట్టేలు కూడా పోయింది. చంపినవాళ్ళలో కొందరు లోపల ఉన్నారు, కొందరు బెయిలు మీద బయట తిరుగుతున్నారు. వాళ్ళ తరఫున, మా ఇంట్లో చేసిన పెద్దదినం నాడు, విస్తళ్ళు ఎత్తకముందే పెద్దమనుషులు వచ్చారు.

"పోయినోడు ఎట్లనూ రాడు. ఆ వీడియో తీసేయండి, రెండు పక్కలా సర్దుకుంటాది. ఇంకా ముగ్గురు పిల్లోళ్ళు ఉండారు గదా మీ బ్యాండులో" అన్నాడు వాళ్ళలో ముసలాయన. చాలా నెమ్మదిగా, ఇంటి మనిషిలా అన్నాడు.

ఆ చానెల్ తాళం, అదే పాస్‌వర్డు, కీబోర్డు పిల్లవాడి దగ్గర ఉంది. వాడు కట్టు కాలు చాపుకుని మా తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల వైపు చూశాడు. మా మేనల్లుడు ఉన్నది నా ఇంట్లో కాబట్టి అందరూ నా వైపు చూశారు. నేను చేతిలోని చెంబు కింద పెట్టాను. తీసేయమని వాడి కాళ్ళ మీద పడినదాన్ని నేనే. తీసేస్తామని ఒక్క మాట అంటే వాళ్ళు లేచిపోతారు. మెట్ల మీద కొమ్ము కోసిన పొట్టేలు కాపరి పెళ్ళాం కూర్చుని ఉంది, పక్కన మాట పడిపోయిన మొగుడు.

"ఉండనీ" అన్నాను.

"ఏందమ్మా?"

"పాట ఉండనీ నాయనా. చెయ్యి నలగ్గొట్టినా వాడు తీయలేదు. మేము గూడా తీయం."

ముసలాయన కీబోర్డు పిల్లవాడి వైపు తిరిగాడు. "నువ్వేమంటావురా?"

"అత్త చెప్పింది గదా పెద్దాయనా" అన్నాడు వాడు. 

వాళ్ళు చెప్పులు వేసుకుని పోయారు. వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా నేను గుమ్మం పట్టుకునే ఉన్నాను. అప్పటినుంచి ఏ బండి మా ఇంటి ముందు ఆగినా నా ప్రాణం నాలో ఉండదు.

ఆ సాయంత్రం కాపరి పెళ్ళాం తన ఫోనులో ఆ పాట పెట్టి మొగుడి చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని అంతవరకు చూడలేదట, చూపిస్తే ఏమైపోతాడో అని ఆమె భయం. ఆయన మా మేనల్లుడిని చూడలేదు. వాడి భుజం మీదుగా వెనక్కి, గొర్రెల్లోకి చూశాడు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఆ మొద్దుబారిన వేలు తీసుకెళ్ళి కొమ్ము కోసిన పొట్టేలు తల మీద పెట్టాడు. వేలు తగలగానే పాట ఆగిపోయింది. మా మేనల్లుడు నోరు తెరిచి, చెయ్యి ఎత్తి, మధ్యలో నిలబడిపోయాడు. వేలు తీస్తే మళ్ళీ పాడతాడని అక్కడున్న అందరికీ తెలుసు. తీయమని ఎవరమూ అనలేదు.