మా అత్తగారు అడవి చూసిన పూట

మొన్న ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్ కార్ఖానాలోని మా అపార్టుమెంటు వాళ్ళమంతా మేడమీద చేరాం, చలికాలంలో ఒక పెద్ద అడవికి విహారయాత్ర వెళ్దామన్న విషయం మాట్లాడుకోవడానికి. సఫారీ బండ్లలో అనుకున్నన్ని సీట్లు దొరకలేదనీ, కాబట్టి మగవాళ్ళు లోపలికి వెళ్ళొచ్చేలోగా ఆడవాళ్ళు రిసార్టులో హాయిగా రెస్టు తీసుకోవచ్చనీ మా అసోసియేషన్ సెక్రటరీ, నా కొడుకు వయసు కూడా లేని కుర్రవాడు, ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. రెస్టు తీసుకోవడానికి అంత దూరం ఎందుకు బాబూ, మా ఇంట్లో మంచి మంచమే ఉంది, చీట్లు వేసి సీట్లు పంచు అని, అతను సరేననేదాకా కుర్చీలోంచి లేవలేదు. డెబ్బై దాటిన మనిషికి ఇంత కోపం పనికిరాదని మావారు ఇంటికొచ్చాక మంచినీళ్ళిచ్చారు గాని, అది ఆ కుర్రవాడి మీద కోపం మాత్రమే కాదని ఆయనకూ తెలుసు. అది నలభై ఏళ్ళు దాటిన కోపం. నా ఈడు ఆడవాళ్ళకు పెద్దగా వివరించనక్కరలేదు, అయినా చెబుతాను.

అప్పట్లో మేం సికింద్రాబాద్‌లోనే బోయిగూడలో ఉండేవాళ్ళం. మామగారిది గుంటూరు వైపు, ఒక మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మావారు రైల్వే ఆఫీసులో, మా బావగారు బ్యాంకులో పనిచేసేవారు. నేను కొత్త కోడలిని, ఒక బడిలో పిల్లలకు సోషల్ చెప్పేదాన్ని. ఉష్ణమండల అడవుల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఆకుపచ్చ సుద్దముక్కతో చెట్లు గీసి, పొడుగాటి చెట్లు, పొట్టి చెట్లు, వాటికింద పొదలు అంటూ వర్ణించేదాన్ని గాని, నిజానికి నేను చూసిన అడవల్లా పబ్లిక్ గార్డెనే. అందుకే క్రిస్మస్ సెలవుల్లో కుటుంబమంతా నాగపూర్ అవతలనున్న పెద్ద జాతీయ వనానికి వెళ్తున్నామని మామగారు అన్నప్పుడు నా కాళ్ళు నేలమీద నిలవలేదు. తిరిగొచ్చాక అన్నీ చెబుతానని మా క్లాసు పిల్లలకు మాట కూడా ఇచ్చేశాను.

బన్సీలాల్‌పేట్‌లో ఒకాయన దగ్గర మెటాడోర్ వ్యాను మాట్లాడారు. ఆయనే డ్రైవరు కూడా. బయల్దేరే ముందు వ్యానులోకి మొట్టమొదట ఎక్కినది కిరసనాయిలు స్టవ్వు, దాని వెనక బియ్యం, పప్పు, ఉప్మారవ్వ, పచ్చళ్ళ జాడీలు, పండక్కి చేయగా మిగిలిన అరిసెల డబ్బా. మామగారికి బయటి తిండి పడదు. అప్పుడే నాకు అర్థం కావలసింది, కాలేదు.

అడవి అంచున ప్రభుత్వ విశ్రాంతి గృహంలో దిగాం. చుట్టూ నిటారుగా సాల చెట్లు, వాటి మధ్య పొగమంచు. అడవిలో తిరగడానికి మామగారు ఒక జీపు కుదిర్చారు. అందులో డ్రైవరూ గైడూ పోను మిగిలిన చోటు మగవాళ్ళకు సరిపోయింది. ఇవాళ మేం దారీ తెన్నూ చూసి వస్తాం, రేపు మీరు వెళ్దురుగాని అన్నారు. సరే అనుకుని అత్తగారూ, మా తోడికోడలూ, నేనూ కూరలు తరిగాం. ఆ రోజు పులి కనబడలేదు కాబట్టి మర్నాడు మళ్ళీ వాళ్ళే వెళ్ళారు. పొద్దున వెళ్ళి టిఫిను వేళకు రావడం, తిని కాసేపు పడుకుని సాయంత్రం మళ్ళీ వెళ్ళడం. నాకు కనబడిన అడవి వంటగది కిటికీలోంచి కనబడినంతే. దానికి ఇనప జాలీ కూడా ఉంది. అన్నిటికంటే నాకు మింగుడు పడనిది రాత్రి భోజనానికి ముందు ప్రార్థన. ఇంత అద్భుతమైన సృష్టిని మా కన్నులకు చూపించావు తండ్రీ అని మామగారు గొంతు వణికేలా స్తోత్రం చెప్పేవారు, మసి చేతులు కట్టుకుని మేం ఆమెన్ అనేవాళ్ళం.

ఆ రెండో సాయంత్రం మేం గిన్నెలు తోముతుంటే మా వ్యాను డ్రైవరు మంచినీళ్ళకని వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మా, మన బండిని సుత లోపలికి ఇడుస్తరంట. ఒక గార్డును ఎక్కించుకుంటే సాలంట. నేను గేటుకాడ అడిగొచ్చిన. ఉత్తగ గింత దూరమొచ్చి ఈడనే కూసుంటే ఎట్ల?"

నేను ఆ మాటే మావారికి చెప్పాను. నాన్నగారి మూడ్ చూసి అడుగుతాను అన్నారాయన. పొద్దున్నే లేచేసరికి జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. అదే ఆఖరి రోజు, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. మేం వచ్చేసరికి ఉప్మా చేసి, సామాన్లు సర్దేసి ఉంచండని బావగారు తోడికోడలితో చెప్పి వెళ్ళారట. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను. ఉల్లిపాయల వల్ల కాదని అందరికీ తెలిసేలాగానే ఏడ్చాను.

అత్తగారు మాట తక్కువ మనిషి. పెళ్ళయి వచ్చిననాటినుంచి ఆవిడ మామగారికి ఎదురు చెప్పగా నేను వినలేదు. ఎసరు మరుగుతోంది. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, స్టవ్వు ఆర్పేసి, చేతులు కడుక్కుని, శాలువా కప్పుకుని చెప్పులు వేసుకున్నారు.

"అత్తయ్యా, ఎక్కడికి?" అంది మా తోడికోడలు.

"వచ్చిన పని చూసుకోవద్దుటే? చెప్పులేసుకోండి" అని, బయటకెళ్ళి డ్రైవరుతో, "బాబూ, ఆ గార్డును పిలువు, వెళ్దాం" అన్నారు.

అతను ఒకసారి మా ముగ్గురినీ చూశాడు. "పెద్దసారు గుస్సా అయితడేమో అమ్మా."

"అయితే నామీదేలే. నువ్వు బండి తియ్యి."

ఆ పొద్దు గురించి పాఠం చెప్పినట్టు నేను ఇప్పటికీ చెప్పలేను. చెట్లు నేను బోర్డుమీద గీసినట్టు వరుసల్లో లేవు. ఎండ వాటి మధ్యనుంచి ఏటవాలుగా దిగి, తడిసిన గడ్డిమీద పొగలు లేపుతోంది. దుప్పుల మంద ఒకటి తలలెత్తి మమ్మల్ని చూసి మళ్ళీ దించుకుంది. ఒక మలుపు తిరిగేసరికి మైదానంలో అడవి దున్నలు. నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళు. అత్తగారు ఇంజను ఆపమన్నారు. చాలాసేపు చూసి ఆవిడ, "ఎంత తీరిగ్గా తింటున్నాయో చూడవే అమ్మాయ్" అన్నారు, నా చెయ్యి పట్టుకుని.

మళ్ళీ బయల్దేరిన కాసేపటికి ఆ ఇరుకు దారిలో ఎదురుగా మగవాళ్ళ జీపు వచ్చింది. రెండు బండ్లూ పక్కపక్కన ఆగాయి. మామగారు మమ్మల్ని నమ్మలేనట్టు చూశారు. భయపడ్డారేమో, అడవిలో మాకేమైనా అవుతుందని ఆదుర్దాపడ్డారేమో అని నేను ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"మరి టిఫినో?"

"రవ్వ డబ్బాలో ఉందండీ. ఎసరు పెట్టే ఉంది. మేం ఇంకా లోపలికి వెళ్ళొస్తాం" అన్నారు అత్తగారు, పక్కింటికి వెళ్ళొస్తానన్నంత మామూలుగా. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "పోనీ బాబూ" అన్నారు.

ఎండ ముదిరాక తిరిగొచ్చాం. ఎసరు అలాగే చల్లారి ఉంది. ముగ్గురు చదువుకున్న మగవాళ్ళు అరిసెలు తిని కూర్చున్నారు. సికింద్రాబాద్ చేరేదాకా మామగారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడారు గాని, ఏం మాట్లాడారంటే, చదువుకున్న కోడలు వచ్చి ఇంట్లో పద్ధతులు మార్చేసిందని. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ, చర్చిలో తోటి పెద్దలకూ అదే చెప్పేవారు. మావారు వింటూ పేపరు తిప్పేవారు. దానికి ఆయన్ని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు, ఇది చదివితే చదవనివ్వండి. ప్రతిసారీ లోపలి గదిలోంచి అత్తగారి గొంతు ఒక్కటే వినిపించేది.

"స్టవ్వు ఆర్పింది నేనండీ."

అంతకుమించి ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. మామగారు మళ్ళీ ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్ళనూ లేదు. కొన్నేళ్ళకు అత్తగారు ఆ బోయిగూడ ఇంట్లోనే కన్నుమూశారు.

ఈ మధ్య మా మనవరాలు ఆ యాత్ర ఫొటోలు చూసింది. జీపుమీద చెయ్యి వేసి మామగారు, దుర్భిణితో బావగారు, చెట్టుకానుకుని మావారు. నానమ్మా, ఆడవాళ్ళు వెళ్ళలేదా అని అడిగింది. కెమెరా ఆ జీపులో ఉంటే మా ఫొటోలు ఎక్కడినుంచి వస్తాయి? ఇప్పటి పిల్లలు ఎవరినీ అడగకుండా, చేతిలో ఫోను ఎత్తి తమ బొమ్మ తామే తీసుకుంటున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త కడుపు మండుతుంది కూడా. ఆ పొద్దుటి వెలుగులో, శాలువా జారిపోయినా సర్దుకోకుండా దున్నల్ని చూస్తున్న మా అత్తగారి ముఖం ఎలా ఉందో చూసినవాళ్ళలో మా తోడికోడలు పోయినేడు వెళ్ళిపోయింది. ఇక నాకే తెలుసు.