గోడ దాటిన గెంతు

ఆఫీసులో అతన్ని గెంతుల మాస్టారు అంటారు. అక్కడ అందరూ కోడ్ రాసుకునే ఎడిటర్‌లో, కర్సర్‌ని అక్షరం అక్షరం నడిపించకుండా, బ్రాకెట్ల మధ్య ఉన్న ముక్కను ఒక్క మీటతో దాటించే ప్రోగ్రామ్ పదేళ్ళ కిందట అతనే రాశాడు. ముందుకు గెంతితే ముక్క చివర ఆగాలి, వెనక్కి గెంతితే మొదట్లో ఆగాలి. బ్రాకెట్ లోపల ఇంక ముక్కలు లేకపోతే కర్సర్ కదలకూడదు. "బ్రాకెట్ అంటే గోడ. గోడ దాటకూడదు బాబూ" అని కొత్తగా చేరినవాళ్ళకు పద్యంలా అప్పజెప్పేవాడు.

ఆ నియమం ఒకచోట తప్పుతోందని అతనికి తెలుసు. మూసే బ్రాకెట్ కింది వరసలో ఉంటే కర్సర్ గోడ దాటి బయటపడేది. చూసుకుని వెనక్కి వస్తే సరిపోతుంది కదా అని వదిలేశాడు.

రెండు నెలల కిందట ఆఫీసు గ్రూపులో ఎవరో ఆ ఫిర్యాదే పెట్టారు. గ్రూపులో సీటు నంబరు తప్ప పేరు కనిపించదు. "ఓసారి తెర వైపు చూడండి సార్, కర్సర్ ఎక్కడుందో అదే చెబుతుంది" అని జవాబిచ్చాడు. పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ సీటు అక్కది. ఆఫీసంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే, గెంతులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కోడ్ రాస్తుంది. ఆ చదివే గొంతు మాటలు చెబుతుంది గానీ బ్రాకెట్లు చెప్పదు.

ఒక పొద్దున బస్‌స్టాపుల్లో వేళలు చూపే బోర్డులన్నీ ఖాళీ అయిపోయాయి. జనం రోడ్ల మీద పడిగాపులు కాశారు. ఆ బోర్డులను నడిపే కోడ్‌లో ముందురోజు అక్క తీసేసిన ముక్కతోపాటు, గోడ అవతలి పక్క ముక్క కూడా పోయింది.

మీటింగులో మేనేజరు గొంతులో తేనె కారింది. "తప్పు మీది కాదమ్మా, మాది. చూపు లేనివాళ్ళకి ఇంత పెద్ద ఫైళ్ళు ఇవ్వకూడదు. సోమవారం నుంచి ఫోన్ల దగ్గర కూర్చోండి, హాయిగా ఉంటుంది."

"మూడు గెంతులే వేశాను సార్. నా లెక్క తప్పలేదు. రెండు నెలల కిందటే గ్రూపులో రాశాను కూడా. తెర వైపు చూడమన్నారు."

ఆ సీటు ఎవరిదో గెంతుల మాస్టారికి అప్పుడు తెలిసింది. ఆ మాట అన్నది తనే. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నోరు తెరిస్తే ఒక్క నిమిషం పని. తెరవలేదు.

ఆ మధ్యాహ్నమే తప్పు సరిచేశాడు. ఆరు వరసలు. పదేళ్ళు వాయిదా వేసింది ఆరు వరసల్ని! మార్పు వివరంలో "చిన్న సవరణ" అని రాసి, అక్క సీటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"సరిచేశాను అక్కా. ఒకసారి నొక్కి చూడు."

ఆమె ముందుకు నొక్కింది. కర్సర్ కదల్లేదు. వెనక్కి, మళ్ళీ ముందుకు. "ఆ, ఇప్పుడు ఆగాల్సిన చోట ఆగింది. వివరంలో ఏం రాశావు?"

చెప్పాడు.

"చిన్నదా తమ్ముడూ? నా కుర్చీ కదిలిపోయింది."

"క్షమించు అక్కా."

"నా చెవిలో చెబితే ఏం లాభం? ఆ రోజు నవ్విన పదకొండు మందికి చెప్పు. సోమవారం లోపు."

శుక్రవారం మీటింగులో లేచి నిలబడ్డాడు. బోర్డులు ఖాళీ అయింది తన గెంతు గోడ దాటడం వల్లేనని, సంగతి ముందే తెలిసినా వదిలేశానని, చూపు లేని మనిషిని చూడమన్నది తనేనని, మొన్న అన్నీ విని కూడా నోరు మెదపలేదని చెప్పాడు. తల కొట్టేసినట్టయింది. ఎవరూ నవ్వలేదు.

మేనేజరు చేయి ఊపాడు. "పోనీలేవయ్యా, పదేళ్ళ సర్వీసులో ఒకటీ అరా జరుగుతుంటాయి. అమ్మా, మీ ఫైళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి."

అంతే. ఎవరూ అతన్ని ఫోన్ల దగ్గరికి పొమ్మనలేదు. అతని కళ్ళను తప్పుపట్టలేదు. ఒకే తప్పు ఆమె చేసిందనుకున్నప్పుడు ఆమె లోపం, తను చేశానన్నప్పుడు ఒకటీ అరా.

మాస్టారు కూర్చోలేకపోయాడు. "అలా అనకండి సార్" అన్నాడు, అందరికీ వినిపించేలా.