జ్ఞానవతక్క కడిగిన గిన్నెలు

మా జ్ఞానవతక్కని చూసినవాళ్లు ముందు చేతులు చూసేవారు, మొహం తర్వాత. వేళ్ల సందుల్లో తోలు ఊడిపోయి, ఎర్రగా, పచ్చి పుండులా ఉండేవి. ఎవరైనా అడిగితే "సబ్బు పడదమ్మా" అనేది. పడకపోవడమా! సబ్బుని వదిలితే కదా.

నేను కృపావతిని, ఆవిడ తోడికోడల్ని. బతు బస్తీలో ఒకే రేకులింట్లో అటు వాళ్లు, ఇటు మేము. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా మావగారు భీమిలి వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకొచ్చి జెట్టీ పనిలో కుదిరారు. కొడుకులిద్దరూ ఇక్కడే పుట్టారు. పెద్దాయన యిర్మియా బావగారు, అంటే అక్క మొగుడు, బోటు మీద లస్కరు, తాళ్లు కట్టే పని. నోట్లో నాలుక లేని మనిషి. నాకు ఆ లోటు లేదు, కావాలంటే మా ఆయన్నడగండి.

అక్క ముందునుంచీ శుభ్రం మనిషే, కానీ ఇలా కాదు. ఎనభైల్లో ఒక వానాకాలం బస్తీలో పచ్చకామెర్లు పడ్డాయి. మా వీధి చివర గురువమ్మ పోయింది. పోవడానికి వారం ముందు ఆవిడ మా గుమ్మంలో కూర్చుని అక్క చేత్తో మంచినీళ్లు పుచ్చుకుంది. జరిగిందదే. అంతకుమించి ఏమీ లేదు. కానీ అక్కకి పట్టుకుంది, ఆ గ్లాసు సరిగ్గా కడిగానా లేదా అని. గురువమ్మకి అప్పటికే కళ్లు పచ్చబడ్డాయి మహాతల్లీ, నీ గ్లాసేం చేస్తుంది అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. అవునే అంటుంది. అంటూనే గ్లాసు మళ్లీ తోముతుంది.

ఆ కామెర్ల భయంతోనే మా చర్చి సంఘంలోనూ ఒక మార్పొచ్చింది. అదివరకు ప్రభువు బల్లలో అందరం ఒకే ఇత్తడి గిన్నెలోంచి ద్రాక్షరసం పుచ్చుకునేవాళ్లం. పాస్టరు అయ్యగారు దాన్ని బీరువాలో పెట్టేసి, మద్రాసు నుంచి బొటనవేలంత గాజు గ్లాసులు తెప్పించారు. వాటినీ గిన్నెలనే అన్నాం. మరి వాటిని కడిగేదెవరు? అందరి తలలూ అక్క వైపు తిరిగాయి. అంత శుభ్రంగా ఇంకెవరు కడుగుతారు!

పైగా అయ్యగారు ప్రసంగంలో చెప్పారు, జ్ఞానవతమ్మకున్న భయభక్తులు మనందరికీ ఉండాలని. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. భక్తి ఎక్కడిదండీ? ఉత్త భయం! నా చేతిమీదుగా ఇంకో ప్రాణం పోతుందేమోనన్న భయం. ఆ భయానికి మా సంఘం దండేసి దణ్ణం పెట్టింది. ఆరాధన అవగానే అయ్యగారి దగ్గరకెళ్లి, ఆ పని ఆవిడకొద్దండీ అన్నాను. "అది ఆమె పరిచర్యమ్మా, తీసేస్తే బాధపడుతుంది" అన్నారు. మంచాయన, దురుద్దేశం లేదు.

ఆ గాజు గిన్నెలొచ్చిన దగ్గర్నుంచి అక్క ఒక్కసారి కూడా బల్ల పుచ్చుకోలేదు. అందరూ పుచ్చుకుంటుంటే తను వెనక డ్రమ్ము దగ్గర కడుగుతూ ఉండేది.

ఇంట్లో సంగతి అడగకండి. కుళాయి రోజు విడిచి రోజొస్తుంది, అదీ కాసేపు. ఆ నీళ్లన్నీ అక్క చేతులకే చాలవు. బావగారు డ్యూటీ దిగి, కాళ్లీడ్చుకుంటూ క్యాన్లతో నీళ్లు మోసేవారు. అన్నం చల్లారిపోయేది, కంచాలు మాత్రం తయారయ్యేవి కావు. కుళాయి దగ్గర పక్కింటి బెంగాలీ ఆవిడ "అరే దీదీ, పూరా పానీ తుమ్‌హీ ఖతమ్ కరేగా క్యా?" అని, నీళ్లన్నీ నువ్వే అవగొడతావా అని అరిచేది. అక్క సిగ్గుతో తలొంచుకునేది. చేతులు మాత్రం ఆగేవి కావు.

ఒకరోజు ఉండబట్టలేక అక్క చేతిలో కంచం లాక్కున్నాను. "కళ్లు కనబడట్లేదా అక్కా? అద్దంలా ఉంది కదా!"

"కనబడుతోందే కృపా. శుభ్రంగా ఉందని నాకూ తెలుసు. కానీ లోపల ఒకటి 'అయింది' అనాలి కదా, అది అనదు. ఇంకోసారి కడిగితే అంటుందేమో అనుకుంటాను. అప్పుడూ అనదు. ఈలోగా ఎవరికైనా ఏమైనా అయితే?" అంది. అని నా చేతిలో కంచం వైపే చూస్తోంది, ఆకలేసిన పిల్లలా. తిరిగిచ్చేశాను. ఏం చెయ్యను?

నేనే పోరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన మనసు డాక్టరు ఓపిగ్గా విన్నాడు. ఇది పిచ్చి కాదు, చాదస్తం కాదు, పేరున్న జబ్బు అన్నాడు. ఆ పేరు ఇంగ్లీషులో బారెడుంది. అనుమానం వస్తుంది, కడిగితే కాస్త నెమ్మదిస్తుంది, అందుకే మళ్లీ వస్తుందట. "మీరు జాలిపడి నీళ్లు పొయ్యకండి, చేతికి సబ్బు అందించకండి. పోసిన కొద్దీ అది బలుస్తుంది" అన్నాడు. మందులు నెలల తరబడి వాడాలన్నాడు. అమ్మయ్య, దారి దొరికిందనుకున్నాను.

అక్క గోళీలు కడిగింది. అవునండీ, గోళీలే. కాంపౌండరు చేత్తో లెక్కపెట్టి ఇచ్చాడని దోసిట్లో పోసుకుని కడిగింది. అన్నీ కరిగి తెల్లనీళ్లయి మోరీలోకి పోయాయి. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. రెండోసారి తెచ్చినవీ అలాగే పోయాయి.

అప్పుడే వాళ్లమ్మాయి లీదియా బాప్తిస్మానికి పేరిచ్చింది. మా సంఘంలో ఒక అలవాటుంది. బాప్తిస్మం అయిన ఆడపిల్ల మొదటిసారి బల్ల పుచ్చుకునేటప్పుడు తల్లి పక్కన కూర్చుంటుంది, ఇద్దరూ ఒక్కసారే గిన్నె ఎత్తుతారు. లీదియా ఇంకేమీ అడగలేదు. "అమ్మా, ఆ రోజు నా పక్కన కూర్చో. అదొక్కటే" అంది. అది ఎంత గట్టిపిల్లంటే, డాక్టరు చెప్పిన రోజు నుంచి తల్లి ఎంత బతిమాలినా మగ్గు పట్టుకోలేదు. తలుపేసుకుని లోపల ఏడ్చేది, బయటికొచ్చి మాత్రం నీళ్లు పోసేది కాదు.

అక్క మాటిచ్చింది. ఆ శనివారం గిన్నెలన్నీ నేనే కడిగి, తెల్లగుడ్డ కప్పి, అయ్యగారింట్లో పెట్టించాను. అక్క చూసింది, తలూపింది. నేను నమ్మాను.

ఆదివారం పొద్దున్నే సముద్రంలో బాప్తిస్మం అయింది. లీదియా తడిబట్టలు మార్చుకుని, తెల్లచీర కట్టుకుని వచ్చి ముందు చాప మీద కూర్చుంది. పక్కన అక్క. ఎన్నేళ్లకో! బావగారు అటు మగాళ్లలోంచి మెడ సాచి చూస్తున్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

ప్రార్థనకి అందరం కళ్లు మూసుకున్నాం. తెరిచేసరికి చాప మీద అక్క లేదు, బల్ల మీద గిన్నెల పళ్లెం లేదు.

వెనక డ్రమ్ము దగ్గర అన్నిట్నీ సబ్బునీళ్లలో వేసి కూర్చుంది. అయ్యగారు ఒక పాట పాడించారు. ఇంకోటి పాడించారు. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. చివరికి ఆయన బీరువాలోంచి పాత ఇత్తడి గిన్నె తీసి రసం పోశారు. సంఘమంతా పుచ్చుకుంది. లీదియా వంతు వచ్చింది. అది తాగలేదు. లేచి వెనక్కొచ్చింది. నేనూ వెళ్లాను.

లీదియా, కడిగి పక్కన బోర్లించిన గాజు గిన్నెలు రెండు తీసుకుని, లోపలికెళ్లి అయ్యగారి చేత రసం పోయించుకొచ్చింది. "నువ్వు కడిగినవే అమ్మా. ఇక్కడే తాగుదాం, ఇద్దరం."

అక్క మొహం ఎంత వెలిగిందో! చెయ్యి తుడుచుకుని గిన్నె అందుకుంది. పెదాల దాకా తెచ్చింది. ఆగింది.

"చేతులు కడుక్కున్నావా తల్లీ?"

"సముద్రంలో మునిగొచ్చాను కదమ్మా."

"తెలుసమ్మా. నాకు తెలుసు" అంటోంది. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. అంటూనే గిన్నె ఒంపేసింది. రసం ఎర్రగా మట్టిలోకి ఇంకిపోయింది. పిల్ల చేతిలో రెండోదీ మెల్లిగా తీసుకుని ఒంపేసింది. "ఒక్కసారే, ఇప్పుడే అయిపోతుంది" అని సబ్బు కోసం తడుముకుంది. చేతుల్లోంచి నెత్తురు కారుతోంది.

లీదియా తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, డ్రమ్ములో మగ్గు ముంచి, తల్లి చేతుల మీద నీళ్లు పోసింది.

డాక్టరు వద్దన్నది అదే.