బాపు అడిగిన చీటీ

మా చర్చిలో సంఘ కార్యదర్శి ఎన్నికకు ఓటింగ్ మిషను తయారుచేసింది నేనే. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. అంతకుముందు ఎన్నికలో చీటీలు లెక్కపెట్టేసరికి పొద్దు తిరిగిపోయి, వెనక వంటలో బగారన్నం అడుగంటింది. ఆ అన్నాన్ని ఎవరూ మర్చిపోలేదు. అందుకే మా పాస్టరయ్యగారు నన్ను పిలిచి, "అమ్మా, ఈసారి నీ కంప్యూటర్‌తోటి ఏమన్న చేస్తవా?" అని అడిగారు.

వారం రోజులు కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం రాశాను. తెర మీద ఇద్దరు అభ్యర్థుల ఫొటోలు ఉంటాయి. ఒకరు రిటైరైన టీచరమ్మ, ఇంకొకాయన ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు తవ్విపోసే షవల్ యంత్రం ఆపరేటరు. నచ్చినవాళ్ల ఫొటో మీద నొక్కితే లోపల ఒక అంకె పెరుగుతుంది, అంతే. ఎవరు ఎవరికి వేశారో బయటపడకూడదని ఇంకేమీ నమోదు కానివ్వలేదు. అది నా తెలివి అనుకుని మురిసిపోయాను.

ఎన్నికకు ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక దాన్ని అందరికీ చూపించాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక మా బాపు, అంటే మా నాన్న, లేచి నిలబడ్డాడు.

"బిడ్డా, నేను టీచరమ్మకు నొక్కిన అనుకో. నీ డబ్బ షవలాయనకు రాసుకున్నదనుకో. నాకెట్ల ఎర్కయితది?"

"అట్ల రాసుకోదు బాపు."

"ఎందుకు రాసుకోదు?"

"నేనే చేసిన గద!"

"అందుకే అడుగుతున్న. పదో తరగతిల లెక్కల పరీక్ష నువ్వెన్నిసార్లు రాసినవో నాకెర్కలేదా?"

చర్చి అంతా నవ్వింది. ముందు వరుసలో నా దగ్గర చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు.

ఇంటికి వచ్చాక గట్టిగానే తగువు పెట్టుకున్నాను. బాపుకు ఈ పట్టింపు కొత్తది కాదు. సర్కారు ఎన్నికల్లో మిషన్లు వచ్చిన తొలి రోజుల్లో, ఓటు వేసి వచ్చి అరుగు మీద దిగాలుగా కూర్చునేవాడు. "పీ అని కూసింది. కూసినంత మాత్రాన పడ్డట్టేనా?" అనేవాడు. తర్వాత మిషను పక్కన అద్దం వెనక చీటీ కనబడే ఏర్పాటు వచ్చింది. మొదటిసారి ఆ అద్దం ముందు వంగి, చీటీ లోపలికి పడిపోయినా కదలకుండా చూస్తూ నిలబడితే, ఆఫీసరు "పెద్దాయనా, జర జరుగు" అనాల్సి వచ్చింది. ఆ రోజు మాత్రం ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడు. ఆ చీటీ చేతికిస్తే ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాడని మేమంతా ఆటపట్టించాం.

"సర్కారు మిషను సుత చీటీ చూపెడ్తున్నది. నీది సర్కారు కన్న పెద్దదా?" అన్నాడు బాపు.

ఆయన ముప్పై ఏళ్లు భూగర్భ గని ల్యాంప్‌రూంలో పనిచేశాడు. కిందికి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరున్న బిళ్ల ఆయన దగ్గరి కొక్కానికి తగిలించి, తలకు పెట్టుకునే లైటు తీసుకుపోయేవాడు. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకునేవాడు.

"షిఫ్టు అయినంక కొక్కానికి ఒక్క బిళ్ల మిగిలితే, ఒక మనిషి ఇంక బాయిలనే ఉన్నట్టు. అందరొచ్చిండ్రని ఎవడో నోటితోని చెప్తే నేను తాళమేసి ఇంటికొద్దునా?"

"బాపు, అది బొగ్గుబాయి. ఇది చర్చి."

"ఆడ ఈడ మనుషులే గద."

నేను వినలేదు. ఎన్నిక నా మిషనుతోనే జరిగింది. తలుపు దగ్గర ఒక పెద్దమనిషి పుస్తకంలో సంతకాలు తీసుకున్నాడు. బాపు కూడా సంతకం పెట్టి, ఓటు వేసి, నా వైపు చూడకుండా బయటికి వెళ్లాడు. పదకొండున్నరకే ఫలితం వచ్చింది. టీచరమ్మకు యాభై ఏడు, షవలాయనకు యాభై ఆరు. బగారన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది. నా ఛాతీ ఎంత ఉప్పొంగిందో చెప్పలేను.

సంతకాల పుస్తకం పట్టుకున్న పెద్దమనిషి మెల్లగా అన్నాడు: "అమ్మా, నా దగ్గర నూటపన్నెండు సంతకాలే ఉన్నయి."

నేను కూడికను రెండుసార్లు వేశాను. నూట పదమూడే వచ్చింది.

"మల్ల లెక్కపెట్టు," అన్నాడు షవలాయన. నొక్కాను. అవే అంకెలు. "ఇంకోసారి." మళ్లీ అవే. ఎన్నిసార్లు అడిగినా అది అదే చెప్తుంది. దానికి తెలిసిందే అంత.

అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి మా అవ్వ లేచింది. "నేను రెండుసార్లు నొక్కిన బిడ్డా. మొదటిసారి ఏం సప్పుడు రాలె."

"ఎవలకు నొక్కినవ్ అవ్వా?" అని అడిగాను.

"చెప్పద్దంటిరి గద!"

ఆమె ధైర్యం చూసి ఇంకొకామె లేచి, తనూ రెండుసార్లు నొక్కానంది. వెనక నుంచి వరసకు బాబాయి అయ్యే ఒక కాక, ఇద్దరూ కావలసినవాళ్లే, ఒకరికి వేస్తే ఇంకొకరికి చెడ్డవుతానని సంతకం పెట్టి ఓటు వేయకుండా వచ్చేశానన్నాడు. లెక్క సరిపోయింది. కానీ ఒక్క ఓటు తేడాతో ఎవరు గెలిచారో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.  

అయ్యగారు వచ్చే ఆదివారం కాగితాలతో మళ్లీ ఎన్నిక అన్నారు. శనివారం సాయంత్రం చీటీలు నేనే కత్తిరించాను. బాపు పక్కన కూర్చుని, వంకరగా వచ్చినవాటిని ఏరి పక్కన పెట్టాడు. "ఇది సుత లెక్కల పరీక్ష లెక్కనే కత్తిరించినవ్," అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది నాకు.

ఆదివారం ఇంకొందరు కూడా రావడంతో నూట ఇరవై చీటీలు పడ్డాయి. ఒకదాని మీద ఇద్దరి పేర్లూ రాసి, కింద "ఇద్దరినీ ప్రభువు దీవించుగాక" అని ఉంది. అందరం కాక వైపు చూశాం. ఆయన పాటల పుస్తకం తిరగేస్తున్నాడు. అది చెల్లదన్నారు అయ్యగారు. టీచరమ్మకు అరవై ఒకటి, షవలాయనకు యాభై ఎనిమిది.

షవలాయన చీటీల పెట్టె అడిగి తీసుకుని చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. రెండో షిఫ్టు డ్యూటీ ఉన్నా, తొందరపడకుండా ఒక్కొక్క చీటీ విప్పి రెండు కుప్పలుగా పెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత లేచి, ప్యాంటు దులుపుకుని, టీచరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఓడిపోయిన అక్కా. మంచిగనే ఓడిపోయిన," అని చెయ్యి కలిపి, బండి స్టార్ట్ చేసి డ్యూటీకి వెళ్లిపోయాడు.