పదునయ్యిందా?

ఎనభైల మొదట్లో, ఎం.ఏ. తెలుగు పూర్తయిన వేసవిలో, తిరుపతిలో మా ప్రొఫెసర్ నన్ను పిలిచి పిహెచ్.డి.లో చేరమన్నారు. పాత కావ్యాల మీద పని చేస్తానన్నాను. తల అడ్డంగా ఊపారు. గ్రాంటు వచ్చింది సేద్యపు మాటలు సేకరించడానికి. స్కాలర్‌షిప్ కావాలంటే అంశం కూడా అదే. చిత్తూరు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరమని అప్పటికే నాకు ఉత్తరం వచ్చి ఉంది. సోమవారం లోపల తేల్చుకోవాలి.

"ఒక రోజు నాతో రండి. చూశాక చెప్పండి" అన్నారు. ఆయన కోస్తా మనిషి. విద్యార్థులను కూడా మీరు అనేవారు.

శనివారం పలమనేరు దగ్గర ఒక పల్లెకు వెళ్ళాం. ముందురోజు వాన పడింది. ఫారాలు ఎక్కడో అచ్చయి వచ్చాయి. ఒక్కో మాట, ఎదురుగా ఒక్కటే అర్థం, పక్కన అవును, కాదు అని రెండు గళ్ళు. చేను గట్టున ఒక పెద్దాయన కూర్చుని ఉంటే ఆయన్ను వరసగా అడుగుతూ పోయాను.

"పదును అంటే కత్తికుండే వాడి. అవునా, కాదా?"

ఆయన నవ్వాడు. "కత్తితో యాడన్నా సేద్యం సేస్తారా అబ్బా? ఏం సదివినావు నువ్వు?" వంగి గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పెట్టాడు. "పిడికిలి బిగించు. ఇప్పుడు తెరువు. సూడు, ముద్దగా నిలిచినాది. ఇదీ పదునంటే. ఇత్తనాలు ఏసుకోవచ్చు. రాలిపోయిందంటే ఇంకా కాలేదని."

తర్వాత ప్రొఫెసర్ వైపు చూశాడు. "ఈయప్ప మీ అయ్యవారా? ఈయనకీ తెల్దా?"

"తెలీదండీ" అని ఆయన కూడా చెయ్యి చాపారు.

తిరుగు బస్సులో, ఆ పెద్దాయన చెప్పింది ఫారంలో ఎక్కడ రాయాలని అడిగాను.

"చోటు లేదు. కాదు అన్న గడిలో టిక్కు పెట్టండి. వాళ్ళకు నిండిన ఫారాలు కావాలి." కొంతసేపటికి, "మిగతాది మీ థీసిస్‌లో రాసుకోవచ్చు" అన్నారు.

నాకు ఆ టిక్కు మాత్రమే కనిపించింది.

తిరుపతిలో దిగాక ఆగి, "ఏమప్పా, పదునయ్యిందా?" అన్నారు. నన్ను అప్పా అనడం అదే మొదలు.

"ఇంకా లేదు సార్" అన్నాను. సోమవారం చిత్తూరులో చేరాను.

ఆ తర్వాత ఏటా తొలివాన పడగానే ఆయన కార్డు వచ్చేది. అదే ఒక్క వాక్యం. నేను క్లాసుల గురించి, చదువుతున్న కావ్యాల గురించి జవాబు రాసేవాణ్ణి. అడిగినదానికి తప్ప.

ఒక ఏడు వాన పడినా కార్డు రాలేదు. టపా ఆలస్యమైందనుకున్నాను. నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

ఇంటికి వెళితే ఆయన భార్య బల్లసొరుగులోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. లోపల పిహెచ్.డి. దరఖాస్తు. నా పేరు, నా చదువు ఆయనే నింపి, పర్యవేక్షకుడి చోట సంతకం చేశారు. అంశం అన్నచోట మాత్రం ఏమీ రాయలేదు.