దారాలు వేలాడే కోటు

మా అమ్మాయి ఫ్యాషన్ డిజైనింగ్‌లో చేరినప్పటి నుంచి మా ఇంట్లో సీరియళ్లు బందయ్యాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను కుట్టు మిషన్ ముందు కూర్చుంటే, అది పక్కనే స్టూలు వేసుకుని ఫోన్‌లో ఫ్యాషన్ వీక్‌లు పెట్టేది. ఏదో దేశం, ఏదో పెద్ద హాలు, మధ్యలో పొడవాటి బాట, దాని మీద ఒకరి వెనక ఒకరు ఆడపిల్లలు. "చూసి చెప్పు అమ్మా, ఎట్లుందో" అనేది. చెప్పమన్నాక ఆగే మనిషిని కాదు నేను.

ముందు మొహాల సంగతి. అంత ఖరీదైన బట్టలు వేసుకుని ఒక్క పిల్లా నవ్వదు. మా గల్లీలో ఎవరైనా కొత్త జాకెట్ కుట్టించుకుంటే అది వేసుకుని నా గడప ముందు మూడుసార్లు తిరిగి చూపించి గానీ పెళ్లికి పోరు. వీళ్లేమో విసవిసా వచ్చి, చివర ఒక్క క్షణం నిలబడి, మనమేదో తప్పు చేసినట్టు చూసి వెనక్కి తిరుగుతారు. అఫ్జల్‌గంజ్‌లో కదిలిపోతున్న బస్సు వెంట పడేవాళ్లదీ అదే నడక. కాకపోతే వాళ్ల మొహంలో కాస్త ఆశ ఉంటుంది.

ఇక జుట్టు. ఒక షోలో అందరి తలలకూ తడి తడిగా ఏదో పూసి, వెనక్కి నున్నగా దువ్వి అతికించారు. ఇది వెట్ లుక్ అని మా అమ్మాయి వివరించింది.

"మీ అమ్మమ్మ రోజూ పొద్దుగాల నాకు గిదే లుక్ చేసేది. గిన్నెడు కొబ్బరినూనె పోసి. నేను ఏడ్చుకుంట బడికి పోయేదాన్ని" అన్నాను.

ఇంకో షోలో జుట్టంతా పైకి లేపి, చిక్కులు చేసి, అందులో ఎండుపుల్లలు గుచ్చారు. ఆ చిక్కు తీసే మనిషి మీద నాకు జాలేసింది. మరొకామెకు ముందు జుట్టు కళ్ల మీదికి దించేశారు. ఎక్కడా తట్టుకోకుండా అంత దూరం నడిచినందుకు ఆమెను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను.

మా ఆయనకు నాలుగు బర్రెలున్నాయి. పాలు పోయడమే ఆయన పని. మధ్యాహ్నం కునుకు తీయడానికి వచ్చి, ఒక్కోసారి మా వెనక నిలబడి చూసేవాడు. ఆయన ఏ బట్టకైనా ఒకే ప్రశ్న వేసేవాడు. "గిది ఏస్కొని ఆటోల ఎట్ల కూసుంటరు?"

అన్నీ వెక్కిరించాననుకోవద్దు. ఒకసారి ఒక నల్ల మఖ్మల్ గౌను చూసి నేను మిషన్ ఆపేశాను. నడుము దగ్గర ఒక్క కుట్టు కనపడలేదు, అయినా నడుముకు పట్టినట్టుంది. వీడియో ఆపించి, బొమ్మ పెద్దది చేయించి, ఎక్కడ కత్తిరించారో వెతికాను. దొరకలేదు. ఆ రోజంతా అదే ధ్యాస.

నాకు అస్సలు పడనిది ఒక్కటే, వేలాడే దారం. ఇరవై రెండేళ్లుగా శాలిబండలో మా ముందు గదిలోనే జాకెట్లు కుడుతున్నాను. నేను కుట్టిన జాకెట్ తిరగేసి వేసుకుపోయినా ఎవరూ కనిపెట్టలేరు, లోపలా అంత శుభ్రంగా ఉంటుంది. ఇంకో పట్టింపు కూడా ఉంది. బట్ట ఎక్కువైతే కోసి పారేయను, లోపలికి మడుస్తాను. ఈ ఏడు సన్నగా ఉన్న పిల్ల వచ్చే ఏడు కాస్త ఒళ్లు చేస్తుంది, కుట్టు విప్పితే అదే జాకెట్ మళ్లీ పడుతుంది. మా గల్లీ ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చేదే అందుకు. ఫోన్‌లో ఆ పిల్లల బట్టల అంచులు కుట్టకుండా పోగులు పోగులుగా ఊగుతుంటే, "కుట్టేటోనికి జీతం ఇయ్యలేదేమో" అనేదాన్ని. మా అమ్మాయి నవ్వేది. ఆ నవ్వును నేను ఇంకోలా అర్థం చేసుకుని ఉండాల్సింది.

చివరి ఏడాది వచ్చింది. నయాపూల్ వంతెన దాటి, మూసీ అవతల దాని కాలేజీ. చదువు పూర్తవ్వాలంటే ఒక్కొక్కరూ తాము తయారుచేసిన బట్టలను ర్యాంప్ మీద చూపించాలి. మార్కులన్నీ ఆ ఒక్క షో మీదే. చూడ్డానికి పెద్ద డిజైనర్లు వస్తారు, నచ్చితే పనిలోకి పిలుస్తారు. నచ్చకపోతే మూడేళ్ల చదువు ఇంటికొచ్చి కూర్చుంటుంది. మా అమ్మాయి ఐదు జతలు చేసింది. అన్నిటికీ చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక పొడుగు కోటు, బూడిద రంగు చేనేత బట్టతో. నాలుగు రోజులు, కాలేజీ నుంచి వచ్చాక మిద్దె మీద కూర్చుని దానితోనే ఏదో చేసింది. నాకు పెళ్లిళ్ల గిరాకీ, పైకి వెళ్లి చూడలేదు.

షోకి ముందు రోజు పొద్దున కాలేజీకి పోతూ, "అమ్మా, కోటు జర ఇస్త్రీ చేసి పెట్టవా? గంతే" అంది.

కోటు విప్పి పరిచాను. నా ప్రాణం ఉసూరుమంది. ఒక చెయ్యి మోచేతి దాకా ఉంది, రెండోది వేళ్లు కూడా కనపడనంత పొడుగు. కింద అంచు మడవనే లేదు, చుట్టూ జానెడు పోగులు వేలాడుతున్నాయి. పాపం పిల్లకు టైం సరిపోలేదు, సిగ్గుపడి నాతో చెప్పలేదు అనుకున్నాను. ఫోన్‌లో దారాలు వేలాడితే అది ఫ్యాషన్, మా ఇంట్లో వేలాడితే అది సగంలో ఆగిన పని. నాకు వేరే ఆలోచనే రాలేదు.

కుడుతున్న పెళ్లి జాకెట్ పక్కన పెట్టి కోటు పట్టుకున్నాను. పొడుగు చెయ్యిని లోపలికి మడిచి, రెండోదానికి సమానం చేసి కుట్టాను. కింద అంచుకు ఇంటర్‌లాక్ వేశాను. ఆ మిషన్ కుడుతూనే పోగులన్నీ కత్తిరించేస్తుంది, పావుగంట పని. ఆ తర్వాత అంచు మడిచి, రెండు గంటలు కూర్చుని చేత్తో తుర్పాయి చేశాను. పైనుంచి ఒక్క టాకా కనపడదు. ఇస్త్రీ చేసి, తలుపు కొక్కేనికి తగిలించి, కింద పడ్డ పోగులు ఊడ్చి పారేసి, నాకు నేనే ఒక చాయ్ పెట్టుకున్నాను. మస్తు గర్వంగా ఉంది. వచ్చి చూసి మెడ చుట్టూ చేతులు వేస్తుందనుకున్నాను.

సాయంత్రం వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కోటు దగ్గర ఆగిపోయింది.

"గీ చెయ్యి ఏమైంది?"

"సమానం చేసిన బిడ్డా. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉండె."

"కింద పోగులు?"

"ఊడ్చి పడేసిన."

అది కోటును ఒళ్లోకి తీసుకుని నేల మీద కూలబడింది. లొల్లి చేస్తే బాగుండేది, నేనూ నాలుగు మాటలనేదాన్ని. అది మెల్లగా మాట్లాడింది.

"నాలుగు దినాలు కూసొని సూదితోని ఒక్కొక్క పోగు గుంజిన, అమ్మా."

"దారాలు ఏలాడుకుంట పోతే మంది ఏమంటరే? టైలర్ బిడ్డ అయ్యుండి..."

"నీ దగ్గరికి ఎవలొచ్చినా మెడ ఎంత, చెయ్యి ఎంత, ఎనక దోరీ కావాల్నా వద్దా అని పదిపార్లు అడుగుతవ్. బార్కస్ నుంచి వచ్చే ఆమె ఎంత వంకర డిజైన్ చెప్పినా ఆమెకు ఎట్ల కావాల్నో గట్లనే కుడుతవ్. నన్ను ఒక్కపారన్న అడిగినవా?"

అది అన్నదాంట్లో ఒక్క మాట కూడా కాదనలేను. గల్లీలో ఎవరి బట్టైనా సరే, అడగకుండా కత్తెర పట్టని దాన్ని. కన్నబిడ్డ దగ్గరికి వచ్చేసరికి నాకే అన్నీ తెలుసనుకున్నాను. చాలా సిగ్గేసింది. ఆ పూట ఇద్దరం అన్నం సరిగా తినలేదు.

తెల్లవారుతూనే చాప పరిచి, దాని మీద కోటు వేసి, అమ్మాయిని లేపాను. "చెప్పు. కింద పోగులు ఎంత పొడుగు కావాలె?"

అది కళ్లు నులుముకుంటూ నన్ను చూసింది. "జానెడు."

"చెయ్యి?"

"ఏళ్లు కనవడొద్దు."

చెయ్యి సంగతి తేలికే. కొయ్యలేదు, మడిచానంతే కదా, కుట్టు విప్పితే మొత్తం కిందికి దిగింది. కింద అంచే కష్టం. ఇంటర్‌లాక్ వేసిన మేర కత్తిరించి, మళ్లీ కొత్తగా పోగులు లాగాలి. అంటే గుడ్డ జానెడు తగ్గుతుంది. మా అమ్మాయి కోటును తన మోకాళ్లకు పెట్టి కొలుచుకుని, కాసేపు ఆలోచించి, సరేనంది. ఇద్దరం చెరోపక్క కూర్చున్నాం.

పాలు పోసి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగాడు. "ఏందిది?"

"పోగులు గుంజుతున్నం."

"మంచిగున్న బట్టను ఖరాబ్ చేయనీకి గింత మెహనత్ ఎందుకే?" అన్నాడు గానీ, తానూ వచ్చి కూర్చున్నాడు. రోజూ బర్రెల పొదుగు పట్టే వేళ్లు. ఒక్క పోగు కూడా తెగలేదు. నేను పట్టినవి పదికి రెండు తెగాయి. "బాపు చెయ్యి మస్తుంది" అని అది ఆయన్నొక్కణ్ణే మెచ్చుకుంది. ఇరవై రెండేళ్ల అనుభవాన్ని నోట్లోనే దాచుకున్నాను.

మధ్యాహ్నం షో. పట్టుచీర కట్టుకుని రెండో వరుసలో కూర్చున్నాను. చివరికి మా కోటు వచ్చింది. వేసుకున్న పిల్లకు ఒకపక్క గట్టిగా జడ, ఇంకోపక్క విరబోసిన జుట్టు, సగం జడ వేసేసరికి కరెంటు పోయినట్టు. అదీ మా అమ్మాయి ఆలోచనేనట, తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఆ పిల్ల నడుస్తుంటే కింద పోగులన్నీ ఒక్కసారిగా ఊగి, ఆగి, మళ్లీ ఊగాయి. మడిచి కుట్టిన అంచు అలా ఊగదు. నా తుర్పాయి ఉంటే ఆ కోటు బిగుసుకుపోయి ఉండేదని నాకే అనిపించింది.

పక్క సీటావిడ నా వైపు వంగింది. "చూశారా, కింద కుట్టనే లేదు."

"గది గట్లనే ఉండాలె. పొద్దుగాల ముగ్గురం కూసొని గుంజినం" అన్నాను. ఆవిడ మళ్లీ నాతో మాట్లాడలేదు.

షో అయ్యాక జడ్జీలలో ఒక మేడమ్ ఆ కోటు అంచు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. సోమవారం తన షాపుకు రమ్మని మా అమ్మాయికి చెప్పింది. అది జనంలోంచి తోసుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. దాని కుర్తా చెయ్యికి ఒక దారం వేలాడుతోంది. నా చెయ్యి దానంతటదే లేచి, దారం దాకా పోయి, ఆగింది.

"తెంపాల్నా, ఉంచాల్నా?" అన్నాను.

అది తన చెయ్యి చూసుకుంది. నన్ను చూసింది. కళ్లలో నీళ్లు, మొహంలో నవ్వు.

"తెంపు అమ్మా" అంది.

పంటితో పట్టి తెంపాను.