రామేశ్వరమ్మ తీసిన పురుగులు

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి పన్ను నొచ్చినా రామేశ్వరమ్మ ఇంటి అరుగు ఎక్కాల్సిందే. చెంపకు తువ్వాలు బిగించుకుని, బండిలో మూలుగుతూ ఎంత దూరం నుంచో వచ్చేవారు. అప్పట్లో మనకు కర్నూలు రాజధాని. ఆ రాజధాని మొహం చూడనివాళ్లకు కూడా పంటిపురుగులు తీసే రామేశ్వరమ్మ ఇల్లు ఎక్కడుందో తెలుసు. పొలమూ పశువులూ ఉన్న ఇల్లు, ఈ పనితో ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఎవరి దగ్గరా తమలపాకు కూడా పుచ్చుకోకూడదని నియమం. అయితే వచ్చినవాళ్లు "అమ్మ చేతిలో మహిమ ఉండాది" అంటుంటే, ఏదో పనిలో ఉన్నట్టు నటిస్తూ ఆ మాట పూర్తిగా విని మరీ లోపలికి వెళ్లేది. మనిషన్నాక ఆ మాత్రం ఉండదా?

ఆ విద్య అత్త నరసింహమ్మ నేర్పింది. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ రాయి పెట్టి, దానిమీద ఎర్రగా కాల్చిన పాత నాగలి కర్రు ఉంచాలి. కర్రు మీద నేతిలో తడిపిన వాకుడు ముళ్లమొక్క విత్తనాలు చల్లి, అడుగున బెజ్జం ఉన్న కుండను పైన బోర్లించాలి. బెజ్జంలో బొప్పాయి కాడ గుచ్చి, నొప్పిగలవాళ్ల నోట్లోకి పొగ పట్టించాలి. వాళ్లు ఉక్కిరిబిక్కిరై దగ్గుతారు, చొంగ కాడలోంచి కిందికి కారుతుంది. పొగ తగ్గాక కుండ ఎత్తితే పళ్లెం నీళ్లలో నూకల్లాంటి తెల్లటి పురుగులు తేలుతుంటాయి. వాటిని చూడగానే సగం నొప్పి పోయేది, మిగతా సగం పొగకు మొద్దుబారేది. నరసింహమ్మ నోట్లో మాత్రం ఒక్క పన్నూ మిగల్లేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆమె అసలే పట్టించుకోలేదు.

"పురుగు తీసే చెయ్యి శుద్ధిగా ఉండాల. ఉంటే ఆ మనిషి పంటికి పురుగు పట్టదు" అని అత్త కోడలికి మొదటిరోజే చెప్పింది. అందుకే జొన్నకోతల కాలంలో కుడి దవడ పన్ను సలపడం మొదలుపెట్టినప్పుడు రామేశ్వరమ్మకు నొప్పికంటే ముందు భయం పుట్టింది. తనకు పన్ను నొచ్చిందని బయట తెలిస్తే చెయ్యి చెడ్డదైందంటారు. ఇన్నేళ్లు సంపాదించుకున్న పేరు ఒక్క పంటితో ఊడిపోతుంది. లవంగం నమిలింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, చల్లటి నీళ్లు తగిలితే ప్రాణం జివ్వున లాగుతున్నా నవ్వుతూ తిరిగింది. అందరూ పొలానికి పోయిన పూట పశువుల కొట్టంలో కూర్చుని తనకు తానే పొగ పట్టుకుంది. పురుగులు పడ్డాయి. నొప్పి పోలేదు. మళ్లీ పట్టుకుంది, మళ్లీ పడ్డాయి. నొప్పి కణతకు ఎక్కింది.

చెంప బూరెలా ఉబ్బేసరికి దాచడానికి వీల్లేకపోయింది. "ఏందే ఆ మొగం?" అని అత్త అడిగితే "చెవిపోటత్తా" అనేసింది. భర్త శేషారెడ్డి పాపం నిజమే అనుకుని, నంద్యాలలో చెవి చూపించుకొమ్మని ఆళ్లగడ్డలో బస్సెక్కించాడు. ఆ బస్సు గుంతలో పడిన ప్రతిసారీ ఆమె కంట్లో నీళ్లు తిరిగాయి. అబద్ధానికి ఆ మాత్రం శిక్ష ఉండాలి కదా అనుకుని చెంగు నోటికి అదుముకుని కూర్చుంది.

నంద్యాలలో పళ్ల డాక్టరు దేవరాజు ఇంటి వరండాలోనే రోగుల్ని కూర్చోబెట్టేవాడు. రామేశ్వరమ్మ ముసుగు సర్దుకుని మెట్లెక్కిందో లేదో, బల్ల చివర కూర్చున్న ఒకామె గబుక్కున లేచి నిలబడింది. లూదియా. తమ ఊరి కిరస్తానీ పాలెంలో ఉండే యోబు పెళ్లాం, తమ పొలంలోనే కలుపుకు వచ్చే మనిషి. ఆమె చెంపకు పెద్ద కట్టు ఉంది.

"అమ్మా, నువ్వు ఈడికెందుకొస్తివి?"

"చెవిపోటు" అంది రామేశ్వరమ్మ. పళ్ల డాక్టరు వరండాలో నిలబడి, దవడ పట్టుకుని మరీ అంది.

లూదియా ఆమె చెంప వైపు ఒకసారి చూసి, కళ్లు దించుకుంది. "నాకు రోంత నయంగా ఉండాదమ్మా. ఇన్నాళ్లు నీ చేతిచలవతోనే తట్టుకున్యా" అంది.

ఆ మాటకు రామేశ్వరమ్మకు కాస్త ఊపిరి వచ్చింది. ఉగాది ముందు నుంచి లూదియాకు ఎన్నిసార్లు పొగ పట్టిందో గుర్తు లేదు. అందరిలా అరుగు మీద కాదు, పెరట్లో పేడదిబ్బ పక్కన కూర్చోబెట్టి పట్టింది. ప్రతిసారీ పురుగులు చూపించి "ఇంగా ఉండాయి, మళ్లీ రా" అని పంపించింది. లూదియా ప్రతిసారీ వచ్చింది.

లోపల డాక్టరు సూది వేసి పన్ను పీకాడు. చూడ్డానికి చిన్నది, దాని వేళ్ల దగ్గర నల్లగా, కుళ్లు కంపు. నోట్లో దూది ఉన్నా రామేశ్వరమ్మ తంటాలు పడుతూ అడిగింది.

"పురుగేదీ?"

"ఏం పురుగమ్మా? పన్ను పుచ్చింది, కింద చీము పట్టింది. అంతే" అన్నాడాయన చేతులు కడుక్కుంటూ. "ఇంకా నయం, నువ్వు తొందరగా వచ్చినావు. బయట ఆ మనిషిని చూసినావు కదా? ఎవరో పొగలు పట్టీ పట్టీ నెలలు జరిపినారు. చీము చెంపను తొలుచుకుని బయటికి బెజ్జం చేసుకుంది. ఇంకొన్నాళ్లు ఆగుంటే ప్రాణమే పోయేది. ఎవరా పుణ్యాత్ములని అడిగితే చెప్పదు."

నోట్లో దూది ఉన్నందుకు రామేశ్వరమ్మ అప్పుడు దేవుడికి దండం పెట్టుకుంది. లేకపోతే ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది. బయటికి వచ్చేసరికి లూదియా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఒక పగలంతా డాక్టరును తిట్టుకుంది. కళ్లారా చూసిన పురుగుల్ని లేవంటాడా? మర్నాడు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా కొట్టంలోకి వెళ్లి పళ్లెం పెట్టింది, కర్రు కాల్చింది, విత్తనాలు చల్లింది, కుండ బోర్లించింది. కాడ మాత్రం నోట్లో పెట్టుకోలేదు. దూరంగా గోడకు ఆనుకుని, పొగ దానంతటది పైకి పోతుంటే చూస్తూ కూర్చుంది. విత్తనాలు చిటపటమన్నాయి. చల్లారాక కుండ ఎత్తింది.

నీళ్లలో పురుగులు తేలుతున్నాయి. ఎప్పుడూ పడేటన్నే పడ్డాయి.

ఒకదాన్ని వేలి మీదకు తీసుకుని వెలుగులో పెట్టింది. కదల్లేదు. అది ఎప్పుడు కదిలింది గనక? విత్తనం పగిలి బయటపడిన తెల్లటి మొలక. ఇన్నేళ్లలో ఒక్కసారైనా వేలితో ముట్టుకుని చూసిందా? పొంగిపోవడానికే తీరిక చాలలేదు. ఆ పేడదిబ్బ పక్కన లూదియా నోరు తెరుచుకుని, కళ్లలో నీళ్లు కారుతుంటే, "థూ, ఎన్ని పురుగులే నీకు!" అని తాను వెక్కిరించిన మాట గుర్తొచ్చింది. సిగ్గుతో ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చుట్టూ ఎవరూ లేకపోయినా చెంగుతో మొహం కప్పుకుంది.

మరునాడు పొద్దున్నే పాలెంలోకి నడిచింది. తమ ఇంటి కోడళ్లెవరూ అటు అడుగు పెట్టి ఎరుగరు. గుమ్మం ముందు ఆమెను చూసి లూదియా బెదిరిపోయి చీపురు కింద పడేసింది. కట్టు తీసేసిన చెంప మీద గుంత, దాని చుట్టూ ముడుచుకున్న చర్మం.

"లూదియా, నేను నీకు తీసింది పురుగులు కాదు. వాకుడు విత్తనంలో ఉండే మొలక. నాకు తెలీక చేసినా. నీ చెంప నేనే పాడుచేసినా" అంది రామేశ్వరమ్మ ఒక్క గుక్కలో.

లూదియా కింద పడ్డ చీపురు తీసి గోడకు ఆనించింది. తర్వాత మెల్లగా అంది. "పురుగుల్లేవని డాక్టరు ముందే చెప్పినాడమ్మా."

"మరి నా చేతిచలవ అంటివే?"

"నువ్వు దవడ పట్టుకోని చెవిపోటంటివి. అంత నొప్పిలో ఉండే మనిషిని ఇంగ యాడ సిగ్గుపెట్టేదిలే అనుకున్యా."

రామేశ్వరమ్మ తల వాలిపోయింది. తప్పు ఒప్పుకుని చేతులు దులుపుకుందామని వచ్చిన మనిషి, తనకంటే ముందే తనను కాపాడిన ఆ ముఖాన్ని నేరుగా చూడలేకపోయింది. తిరిగి వెళ్లబోతుంటే లూదియా వెనకనుంచి పిలిచింది.

"అమ్మా, ఇంగ ఎవరికీ పట్టొద్దు."

"పట్టను" అంది రామేశ్వరమ్మ.

ఇంటికి చేరేసరికి అరుగు మీద జనం. ఓబులేసు అనే రైతు దవడకు గుడ్డ కట్టుకుని, గోడకు తల ఆనించి మూలుగుతున్నాడు. వెంట వచ్చినవాళ్లు చుట్టూ నిలబడ్డారు. నరసింహమ్మ అప్పటికే పళ్లెంలో నీళ్లు పోసి పెట్టింది. "యాడికి పోయినావే? మనిషి చచ్చిపోతాండాడు, బేగా రా" అంది.

రామేశ్వరమ్మ పళ్లెం ఎత్తి నీళ్లు వీధిలోకి పారబోసింది.

"ఓబులేసన్నా, నంద్యాలకు పో. నేను పోయింది చెవిపోటుకు కాదు, పంటికే. నాకూ నొచ్చింది, నాకు నేనే పొగ పట్టుకున్యా, తగ్గలా. పోయి పీకించుకున్యా. ఇన్నాళ్లు నేను మీకు చూపించినవి విత్తనాల మొలకలు. లూదియా చెంపకు బెజ్జం పడింది నా వల్లనే."

ఎవరూ నమ్మలేదు. "అట్లంటావేందమ్మా, నా కళ్లతో చూసినా కదా పురుగుల్ని" అన్నాడు ఓబులేసు, ఏడుపు గొంతుతో.

రామేశ్వరమ్మ అతని ముందుకు వెళ్లి నోరు తెరిచింది. కుడి దవడలో ఎర్రటి గుంత ఇంకా పచ్చిగా ఉంది. "లోపలికి పోవే, ఇంటి పరువు తీస్తాండావు!" అని అత్త అరిచింది. రామేశ్వరమ్మ పోలేదు. కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా కారుతున్నా తుడుచుకోకుండా, అరుగు మీద ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి చూసేదాకా అట్లాగే నోరు తెరుచుకుని నిలబడింది.